పైన మెరుపు... కింద తుప్పు!

విశాఖ నుంచి అరకుకు దాదాపు 115 కిలోమీటర్లు. ఇటు ఉప్పుగాలి, అటు ఘాట్ రోడ్డు. ఈ దారిలో పాత కారుకు అసలు పరీక్ష ఎక్కడో తెలుసా? మన కంటికి కనిపించని దాని అడుగున!

శనివారం సాయంత్రం. విశాఖ బీచ్ రోడ్డుకు దగ్గర్లో ఓ మెకానిక్ షెడ్డు. గుంత మీద నిలబెట్టిన తెల్ల అంబాసిడర్ అద్దంలా మెరిసిపోతోంది. తాతగారు కొన్న కారు. ఇంట్లో రెండు పెళ్లిళ్లు చూసింది. మర్నాడు తెల్లవారుజామునే పిల్లాపాపలతో అరకు ప్రయాణం. ‘ఓసారి బ్రేకులు చూసి పంపెయ్’ అన్నారు ఇంటిపెద్ద.

మెకానిక్ టార్చిలైటు పట్టుకుని గుంతలోకి దిగాడు. స్క్రూడ్రైవర్ పిడితో అడుగురేకును కొట్టుకుంటూ పోయాడు. అంతవరకూ ఠంగుమని పలికిన రేకు డ్రైవరు సీటు కిందికి వచ్చేసరికి మూగబోయింది. మొనతో కాస్త పొడిస్తే లోపలికి దిగిపోయింది!

‘పైకి పెళ్లికొడుకులా ఉంది బాబూ... కిందంతా తుప్పు తినేసింది. వెనక చక్రాలకెళ్లే బ్రేకు పైపు కూడా బాగాలేదు. దీంతో ఘాటెక్కొద్దు’ అన్నాడు.

ప్రయాణం వాయిదా పడింది. పిల్లలు అలిగారు. అయినా పెద్దాయన మారుమాట్లాడలేదు. కొండ దిగేటప్పుడు బ్రేకు పైపు పగిలితే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాలా!

సముద్రం పక్కన కాపురం

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకుని సాగే దారి కంటికి పండగే. ఇనుముకు మాత్రం శత్రువు. అలల తుంపరలోని ఉప్పు గాలితో పాటు వచ్చి రేకు మడతల్లో చేరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుంటుంది. అంటే, వాన చుక్క పడకపోయినా కారు అడుగు తడిగానే ఉంటుందన్నమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడైతే ఆరుబయట ఉన్న బళ్లకు ఏకంగా ఉప్పునీటి స్నానమే!

పైగా అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. నేలరేకు, పక్కల పెట్టెల్లాంటి సిల్లులు, బాడీ అన్నీ కలిసే దానికి వెన్నెముక. అడుగు తుప్పు పట్టిందంటే చిరిగింది చొక్కా కాదు, అరిగింది ఎముక! ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. చెడితే కొత్తది కొనుక్కునే వీల్లేదు. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలన్నా తనిఖీలో నెగ్గాల్సిందే.

పూత ముందా... శుభ్రం ముందా?

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తుప్పు కనబడగానే దాని మీదే నల్లటి అండర్‌కోటింగ్ కొట్టించేస్తారు. చూడ్డానికి కొత్తగా ఉంటుంది. లోపల చిక్కుకున్న తేమ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే ఈ కారుకు ముందు అడుగంతా కడిగి బాగా ఆరనిచ్చారు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకారు. తినేసిన భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశారు. తరవాత ప్రైమర్, ఆపైన రబ్బరు కలిసిన పూత. సైలెన్సరుకూ బ్రేకులకూ హ్యాండ్‌బ్రేకు తీగలకూ పూత తగలనివ్వలేదు. తలుపుల కింద నీళ్లు జారే రంధ్రాల్లో పేరుకున్న మట్టి తీశారు. అవి మూసుకుపోతే రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది మరి. బ్రేకు పైపు కొత్తది వేశారు.

వెనకటి డ్రైవర్లు వాడేసిన ఇంజిన్ ఆయిలు అడుగుకు పూసేవారు. అది రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది. బ్రేకుల మీద పడితే మరీ ప్రమాదం. ఆయిల్ సంపుకు రాళ్లు తగలకుండా ఇనుప రేకు కూడా బిగించారు. ఆయిలు మార్చేందుకు అందులో ఓ రంధ్రం వదిలారు.

కొండెక్కేటప్పుడు...

రెండు వారాల తరవాత ఆదివారం. శృంగవరపుకోట చేరేలోపే స్పీడ్‌బ్రేకర్లు పలకరించాయి. నిబంధనల ప్రకారం గుండ్రటి స్పీడ్‌బ్రేకర్ ఇంత ఎత్తు, ఇంత వెడల్పు ఉండాలని కొలతలున్నాయి. ఊళ్లలో తలా ఓ తీరున వేసినవి ఈ కొలతలు వింటాయా? నిండుగా జనం, డిక్కీ నిండా సామాను ఉంటే కారు ఇంకాస్త కిందికి కుంగుతుంది. గుట్ట ఎక్కాక బ్రేకు తొక్కితే ముక్కు వంగి సంపే తగులుతుంది. అందుకే ముందే వేగం తగ్గించి, బ్రేకు వదిలి, మెల్లగా దాటించారు.

ఘాట్ మొదలయ్యాక ఓ పక్క లోయ, మరో పక్క కొండ. వానలకు జారిన రాళ్లు అక్కడక్కడా రోడ్డు మీదే. పెద్ద రాయిని చక్రాల మధ్య నుంచి పోనివ్వడం పాత కారుకు ప్రాణాంతకం. పక్కకు తప్పించాలి, లేదంటే ఆపి తొలగించాలి. ఎప్పుడైనా కింద ‘ఠక్’మన్నా, ఆయిల్ దీపం వెలిగినా అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి. ‘అనంతగిరి దాకా పోదాంలే’ అనుకుంటే ఆయిలు కారిపోయి ఇంజిన్ పట్టేస్తుంది.

కాఫీ తోటలు దాటి, గాలికొండ దగ్గర చల్లగాలి పీల్చి, మధ్యాహ్నానికి అరకు చేరారు. పిల్లలు దిగీ దిగగానే పరుగులు తీశారు. పెద్దాయన మాత్రం వంగి కారు కిందికి తొంగిచూశారు. నేల మీద ఒక్క చుక్క ఆయిలు లేదు. హమ్మయ్య!

ఇల్లు చేరాక చిన్నోడు బకెట్టు, తుడిచే గుడ్డ తెచ్చాడు. ‘ముందు పైపు పట్టుకురా... కింద కడుగుదాం’ అన్నారు తాతగారి వారసుడు. చక్రాల పైమడతల్లోంచి మంచినీళ్లతో పాటు ఎర్రమట్టి కారింది.

పైన తుడిచే పని మర్నాటికి వాయిదా పడింది. ఈసారి ఎవరూ అలగలేదు!