పదివేల దగ్గర ఆగిపోయిన ఫైలు

మా అబ్బాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పత్రికలో కొలువు తెచ్చుకుంటే చాలా ఖుషీ పడ్డారు. నా కాలమ్ మాత్రం నేనే చదివి వినిపించాలి. జుమ్మా నమాజ్ అయి వచ్చాక అదే మా ఇద్దరి పని. స్మార్ట్‌ఫోన్ చేతికొచ్చాక వెబ్‌సైటులో కాలమ్ కింద కామెంట్ పెట్టటం కూడా నేర్చుకున్నారు, ఉర్దూలో. ఆయన ఇంతెఖాల్ అయి రెండేళ్లయింది.

మొన్న ఆఫీసు నుంచి మెయిల్. పాత వెబ్‌సైటు నెలాఖరుకు బంద్, ఎవరి వ్యాసాలు, కామెంట్లు వాళ్లు 'ఎక్స్‌పోర్ట్' నొక్కి దింపుకోండి అని. నాది పదకొండేళ్ల కాలమ్. మొత్తం కామెంట్లు 23,640 అని పైన చూపిస్తోంది.

నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, నిమిషానికి '504' అని తెల్ల పేజీ. మళ్లీ నొక్కాను. అలా ఐదుసార్లు. మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా భాంజాకు ఫోన్ చేస్తే మొత్తుకున్నాడు. "నక్కో మామూ! నొక్కిన ప్రతిసారీ సర్వర్ అదే పని మొదట్నుంచి ఎత్తుకుంటుంది. ఒక్క దేగ్‌కే పొయ్యి చాలకపోతే ఐదు ఎక్కించావు."

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. మన బ్రౌజర్‌కీ వెబ్‌సైటుకీ నడుమ ఒక సర్వర్ ఉంటుంది. చాలాచోట్ల అది 60 సెకన్లు చూసి, జవాబు రాకపోతే తలుపు మూసేస్తుంది. లోపల ప్రోగ్రామేమో వేల వరసల్ని డేటాబేస్ నుంచి ఒక్కసారే మెమరీలోకి లాగి, అన్నీ వచ్చాక ఫైలు రాద్దామని కూర్చుంటుంది. వలీమాలో వచ్చినవాళ్లందరికీ ఒకేసారి దస్తర్‌ఖాన్ పరుస్తామా? బంతి తర్వాత బంతి. వెయ్యి వరసలు తీయాలి, ఫైల్లో రాయాలి, వాటిని వదిలేసి తర్వాతి వెయ్యి తీయాలి. అదీ మనిషిని గుమ్మంలో నిలబెట్టి కాదు. అడిగింది రాసుకుని, పని వెనకాల చేసుకుని, తయారయ్యాక లింకు మెయిల్ చెయ్యాలి.

వెబ్‌సైటు చూసే కుర్రాడికి ఇదంతా రాశాం. మంచివాడు, విన్నాడు. రెండు రోజులకు, ఇషా చదివి వచ్చేసరికి లింకు వచ్చి ఉంది. 7 రోజులే పనిచేస్తుందట. నాకది సబబుగానే తోచింది. అందులో పాఠకుల ఈమెయిళ్లున్నాయి, అమానత్ కదా.

ఎక్సెల్‌లో తెరిచాను. తెలుగు ఉండాల్సిన చోట డిగ్రీ గుర్తులు, ఉర్దూ ఉండాల్సిన చోట అడ్డగీత కొట్టిన సున్నాలు! "సేవ్ కొట్టకు మామూ, ఫైలు బాగానే ఉంది" అన్నాడు భాంజా. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి 2, తెలుగుకు 3 పడతాయి. ఎక్సెల్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరం అనుకుంది. ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు పెట్టి ఉంటే ఈ తిప్పలుండేవి కావు. 'డేటా' మెనూలోంచి, యూటీఎఫ్-8 అని చెప్పి తెరిస్తే రెండు లిపులూ పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి.

కిందికి వెళ్లి లెక్క చూశాను. సరిగ్గా 10,000. విలేకరి బుద్ధి, ఇంత గుండ్రటి సంఖ్య ఎదురైతే నమ్మదు. 2020లో ఇంగ్లండ్‌లో ఏమైందో గుర్తుందా? పాత ఎక్సెల్ ఫైల్లో 65,536 వరసలే పడతాయి. ఆ హద్దు దాటినవి రాలిపోయి 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాలేదు. దానికన్నా 504 పేజీ నయం, రాలేదని మొహం మీదే చెప్పింది. నాకొచ్చిన ఫైలు అంతా ఇచ్చేశానన్నట్టు వచ్చింది. అందులో తేదీలు చూస్తే మొదటి ఐదేళ్లవే. అబ్బా చేతికి ఫోన్ వచ్చింది ఆ తర్వాత.

పాత కోడ్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన హద్దు అది. కుర్రాడు తీసేశాడు. రెండో ఫైల్లో 23,640 వరసలూ ఉన్నాయి.

అబ్బా ఈమెయిల్‌తో వెతికాను. సైటులో నా కంటపడ్డవి ఓ నలభై ఉంటాయేమో. ఫైల్లో 213. చాలావాటి పక్క గడిలో 'పెండింగ్' అని ఉంది. తెలుగు సైటులో ఉర్దూ రాత చూసి స్పామ్ ఫిల్టర్ పక్కన పెట్టేసిందట. ఇన్నేళ్లూ వాటిని తెరిచి చూసినవాళ్లు లేరు, నాతో సహా.

ఎక్కువ భాగం 'మాషా అల్లాహ్ బేటా', అంతే. ఒకటి మాత్రం కాస్త పొడుగ్గా ఉంది. "ఈ వారం నువ్వు వచ్చి చదవలేదు. ఫోటో ఒక్కటే చూశాను. ఆ వేపచెట్టు మన పెరట్లోదేనా?" తేదీ చూసుకున్నాను. ఎన్నికల డ్యూటీలో ఊళ్లు పట్టుకు తిరుగుతున్న రోజులు.

రాత్రి అమ్మీ పక్కన కూర్చుని వరసగా చదివాను. వేపచెట్టు దగ్గరకొచ్చేసరికి ఆపమంది. "మనదేనని చెప్పావా మరి?" అంది.

మా పెరట్లోదే అది.