తెర వెనుక పేట

హైదరాబాదులో యూసఫ్‌గూడ దగ్గర మెట్రో రైలు దిగి కాస్త దూరం నడిస్తే కృష్ణానగర్ అనే పేట వస్తుంది. ఇరుకు వీధులూ, ఒకదాన్నొకటి ఆనుకున్న మేడలూ, టీ కొట్లూ, ఇడ్లీ బళ్ళూ... పైకి అన్ని పేటల లాంటిదే. చార్మినారూ, గోలకొండా చూడటానికి వచ్చేవాళ్ళు ఇటు రారు. అయినా తెలుగు సినిమా ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే ముందుగా చూడవలసిన చోటు ఇదే.

మేము చీకటితోనే అక్కడికి చేరుకున్నాం. మేము అంటే నేనూ, మా అన్నయ్య కూతురూ. దానికి పదేళ్ళు. మాకు దారి చూపినవాడు మా దూరపు చుట్టం. ఆయన ముప్ఫై ఏళ్ళుగా సినిమాల్లో లైట్‌మన్‌గా పని చేస్తున్నాడు. నేను బాబాయి అంటాను, అది తాతయ్య అంటుంది.

వీధి చివర వ్యానులు ఆగి ఉన్నాయి. వాటి చుట్టూ జనం మూగి ఉన్నారు. పెళ్ళి సీనులో పెళ్ళివారుగా, సంత సీనులో జనంగా కనిపించే జూనియర్ ఆర్టిస్టులు ఒకవైపు నిలబడ్డారు. సెట్టు వేసే వడ్రంగులు, రంగులు పూసేవాళ్ళు, బట్టలు చూసేవాళ్ళు, మేకప్‌వాళ్ళు, వంటవాళ్ళు మరొకవైపు. సినిమా పనిలో 24 శాఖలున్నాయని వాడుక. ఆ శాఖలన్నీ ఆ వీధిలోనే కనిపించాయి. కొన్ని వ్యానులు ఊరి బయట ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళాయి. కొన్ని దగ్గరలో ఉన్న స్టూడియోలకు వెళ్ళాయి.

పూర్వం తెలుగు సినిమాలు చాలావరకు మద్రాసులో తయారయ్యేవి. 1970ల తరవాత హైదరాబాదులో స్టూడియోలు పెరిగాయి. వాటి వెనకే పనివాళ్ళూ వచ్చి, జూబిలీ హిల్స్ కొండలకు దిగువన ఉన్న ఈ పేటలో కాపురాలు పెట్టారు. వీరిలో చాలామందికి నెల జీతం లేదు. పని ఉన్ననాడే కూలి.

"ఈ వీధిలో పిట్ట కూడా లేని రోజులు నేను చూశాను," అన్నాడు బాబాయి టీ తాగుతూ.

అది 2020 సంవత్సరం. కరోనా అనే కొత్త అంటురోగం లోకమంతా పాకింది. మార్చి మధ్యలో తెలుగు సినిమా షూటింగులు ఆగిపోయాయి. సినిమా హాళ్ళు మూతబడ్డాయి. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. బడులు మూసి, ఎక్కడివాళ్ళు అక్కడే ఇళ్ళలో ఉండిపోయారు.

"మా నాన్న ఇంట్లోంచే పని చేశాడు తాతయ్యా. నువ్వూ చెయ్యలేకపోయావా?" అని అడిగింది అమ్మాయి.

బాబాయి నవ్వాడు. "నా లైటు ఇంట్లో వెలిగిస్తే ఎవరి మీద పడుతుందమ్మా?"

ఆయన ఇంట్లో ఐదుగురు. దాచుకున్న డబ్బు ఏప్రిల్ నెలకే అయిపోయింది. ఆ రోజుల్లో చిరంజీవి పూనికతో సినిమావాళ్ళు కరోనా క్రైసిస్ చారిటీ అని ఒకటి ఏర్పాటు చేసి, చందాలు పోగుచేసి, కార్మికుల ఇళ్ళకు బియ్యమూ, పప్పూ, నూనే పంపించారు. బాబాయి ఇంటికీ ఒక సంచీ వచ్చింది.

"అన్నానికి లోటు రాలేదు. కాని ఇంటి అద్దె మాటేమిటి? ఒక తోపుడు బండి ఎరువు తెచ్చుకుని కూరగాయలు అమ్మాను. అయినా అద్దె బాకీ పడింది. అది తీర్చడానికి ఏడాది పట్టింది," అన్నాడు బాబాయి.

ఎండెక్కాక ఆయన మమ్మల్ని ఒక స్టూడియోకు తీసుకుపోయాడు. ఆ రోజు అక్కడ షూటింగు లేదు. సెట్టు వేసే పెద్ద గదిని ఫ్లోరు అంటారు. అది ధాన్యం గోదాములా ఉంది. పైన, కప్పు కింద, లైట్లు కట్టే నడవలున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే అమ్మాయి, "దీనికి కిటికీలే లేవేం?" అన్నది.

మంచి ప్రశ్న. బయట ఎండ వెలుగు గంటగంటకూ మారిపోతుంది. ఒకే సీను పొద్దున కొంత, సాయంత్రం కొంత తీస్తే వెలుగులో తేడా వస్తుంది. అందుచేత ఎండ లోపలికి రాకూడదు. బయటి మోటారు కార్ల చప్పుడూ రాకూడదు. అందుకే మందమైన గోడలు కట్టి, తలుపులు బిగిస్తారు.

కరోనా వచ్చినప్పుడు ఆ గోడలే చిక్కు తెచ్చిపెట్టాయి. రోగి మాట్లాడినా, దగ్గినా, ఊపిరి వదిలినా కంటికి కనపడని తుంపరలు వస్తాయి. వాటిలో వైరస్ ఉంటుంది. మరీ సన్నని తుంపరలు చాలాసేపు గాలిలో తేలుతూ ఉంటాయి. వసారాలో అగరువత్తి వెలిగిస్తే పొగ క్షణంలో పోతుంది. తలుపులు మూసిన గదిలో వెలిగిస్తే అక్కడే తిరుగుతుంది. ఫ్లోరులో ఊపిరి కూడా ఆ పొగ లాంటిదే. మాటలు రికార్డు చేసే డబ్బింగు గది అంతకన్నా చిన్నది, దానికీ కిటికీలుండవు.

మరొక చిక్కు కూడా ఉంది. అందరూ మాస్కు పెట్టుకోవచ్చు గాని, కెమెరా ముందు నటుడు ఎలా పెట్టుకుంటాడు? అతని మొహానికి రంగు పూసే మేకప్‌మన్ జానెడు దూరంలో నిలబడక తప్పదు.

2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం షూటింగులకు అనుమతి ఇచ్చింది. ముందు కొద్దిమందితోనే పని మొదలైంది. వాకిట్లో జ్వరం చూసేవాళ్ళు. మేకప్‌వాళ్ళు మొహానికి అడ్డంగా గాజులాంటి పలకలు కట్టుకున్నారు. జనం ఎక్కువగా ఉండే సీనులు చాలా వాయిదా పడ్డాయి. దానితో జూనియర్ ఆర్టిస్టులకు మాత్రం మరికొన్నాళ్ళు పని దొరకలేదు.

హాళ్ళు లేక కొన్ని సినిమాలు నేరుగా ఇళ్ళకే వచ్చాయి. "వి" అనే సినిమా 2020 సెప్టెంబరు 5న అలాగే విడుదలైంది. డిసెంబరులో హాళ్ళు తెరిచారు, సగం కుర్చీలు ఖాళీగా ఉంచి. ఇక గండం గడిచిందనుకున్నారు. కాని 2021 ఏప్రిల్‌లో రోగం మరింత ఉధృతంగా వచ్చింది. హాళ్ళు మళ్ళీ మూతబడ్డాయి. ఆ నెలలోనే సినిమా కార్మికులకు టీకాలు వేయించడం మొదలుపెట్టారు.

ఇది చెబుతూ బాబాయి పైనున్న నడవకేసి చూశాడు. "ఆ మేలో మా జట్టువాడు ఒకడు పోయాడు. ఇరవై ఏళ్ళు ఆ నడవ మీద నాతో నడిచాడు. వాడి కొడుకు ఇప్పుడు మాతోనే పనిచేస్తున్నాడు," అని, ఇంకేమీ మాట్లాడలేదు.

మాకు తిరిగి వచ్చే దారిలో "ఆర్.ఆర్.ఆర్." సంగతి గుర్తుకు వచ్చింది. 2018 నవంబరులో దాని షూటింగు మొదలైంది. 2020 మార్చిలో ఆగి, అక్టోబరులో తిరిగి సాగింది. "నాటు నాటు" పాటను 2021 ఆగస్టులో ఉక్రెయిన్ దేశంలో తీశారు. ఆ సినిమా 2022 మార్చి 25న హాళ్ళకు వచ్చింది. లాక్‌డౌన్ మొదలై ఆ రోజుకు సరిగ్గా రెండేళ్ళు! 2023లో ఆ పాటకు ఆస్కార్ బహుమానం వస్తే లోకమంతా చప్పట్లు కొట్టింది.

మర్నాడు మేము హాలుకు వెళ్ళి ఒక సినిమా చూశాం. కథ అయిపోగానే అందరూ లేచారు. మా అమ్మాయి మాత్రం కదలలేదు. తెర మీద పేర్లు పైకి పాకుతుంటే వేలు పెట్టి చదువుతూ కూచున్నది.

"తాతయ్య పేరు లేదే!" అన్నది చివరికి.

సాయంత్రం ఆ మాట చెబితే బాబాయి నవ్వి, "లైట్లు తెచ్చిన యూనిట్ పేరు వేశారు కదూ? అందులోనే మేమందరం ఉన్నామమ్మా," అన్నాడు.

మీరు కూడా ఈసారి సినిమాకు వెళ్ళినప్పుడు, కథ అయిపోగానే లేవకండి. ఆ పేర్లన్నీ వెళ్ళేదాకా కూచోండి. పేరు పడని వాళ్ళు ఇంకెందరో ఉన్నారని గుర్తుంచుకోండి.