పొగ మానేవాళ్ల ప్రశ్నలు

ఉత్తరాంధ్రలోని ఒక జిల్లా ఆసుపత్రిలో, ఓపీ చీటీల కిటికీ దాటి లోపలికి వెళ్తే పళ్ల డాక్టరు గదిని ఆనుకుని పొగాకు విముక్తి కేంద్రం ఉంది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, అరచేతిలో పట్టే చిన్న యంత్రం. పావు నిమిషం ఊపిరి బిగబట్టి దాని గొట్టంలోకి మెల్లగా వదిలితే, ఆ ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో అంకె చూపిస్తుంది. పొగ తాగని మనిషికి అది మామూలుగా ఆరు దాటదు. ఆటో నడిపే ఒకాయన ఊదితే 19 వచ్చింది. కౌన్సెలర్ భయపెట్టలేదు. "రెండ్రోజులు ముట్టకుండా రండి బాబూ, ఎంత దిగిందో మీరే చూద్దురుగాని" అందామె. అక్కడికి వచ్చేవాళ్ల ప్రశ్నలు వింటే, మానడానికి అడ్డుపడేది మనోబలం లేకపోవడం కాదనిపిస్తుంది. నికోటిన్ పెట్టే బాధను సిగరెట్టే తీరుస్తుంటే, దాన్ని మేలు అనుకోవడమే అసలు అడ్డంకి.

"టెన్షనండీ, ఒకటి వెలిగిస్తేగానీ బుర్ర పనిచెయ్యదు" అన్న మాట అక్కడ తరచూ వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. పీల్చిన కొన్ని సెకన్లకే నికోటిన్ మెదడుకు చేరుతుంది. దాదాపు రెండు గంటల్లో రక్తంలో సగానికి తగ్గుతుంది, చిరాకు మొదలవుతుంది. తర్వాతి సిగరెట్ తీర్చేది ఆ చిరాకునే. పాత అప్పు తీర్చడానికి అదే వడ్డీ వ్యాపారి దగ్గర కొత్త అప్పు చేయడం లాంటిదిది. నిజంగా టెన్షన్‌కు మందే అయితే మానినవాళ్లకు టెన్షన్ పెరగాలి కదా? 26 అధ్యయనాలను కలిపి చూసి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణ అందుకు భిన్నంగా చెప్పింది. మానినవాళ్లలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గాయి. మొదటి వారం మాత్రం కష్టమే, ఆ సంగతి దాచకూడదు. రెండు మూడు రోజులకు బాధ ముదురుతుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది.

లావెక్కుతామన్న భయాన్ని కొట్టిపారేయడం సరికాదు. మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. కానీ అదే ఏడాదికి, పొగవల్ల అదనంగా ఉండే గుండెజబ్బు ముప్పు సగానికి పడిపోతుంది. మానేశాక దగ్గు ఎక్కువైందంటే, ఊపిరి గొట్టాల్లోని సన్నటి నూగు మళ్లీ పనిలో పడి కఫాన్ని పైకి నెడుతుండవచ్చు. వారాలు గడిచినా తగ్గకపోయినా, రక్తం పడినా డాక్టరుకు చూపించాలి. ఇక "రోజుకొకటికి తగ్గించేశాను" అనేవాళ్లకు 2018లో వచ్చిన ఒక విశ్లేషణ గట్టి జవాబు: ఇరవై తాగేవాళ్లకుండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఒక్క సిగరెట్టుకే ఉంటుంది.

"ఈ వయసులో మానేసి ఏం బావుకుంటానమ్మా?" అని ఒక ముసలామె అడిగింది. ఆమెది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పును నోట్లోపల పెట్టుకుని పీల్చే అలవాటు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లలో ఇది ఎప్పటినుంచో ఉంది. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబారుతుంది, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. మానినవాళ్లలో ఆ తెల్లదనం తగ్గుముఖం పట్టడాన్ని శ్రీకాకుళం ప్రాంతంలోనే వైద్యులు గమనించారు. సిగరెట్ విషయంలో రిచర్డ్ డాల్ బృందం 1951 నుంచి బ్రిటిష్ మగ డాక్టర్లను గమనించి 2004లో చెప్పిన లెక్క ఇది: ముప్ఫై ఏళ్లకు మానితే సుమారు పదేళ్లు, యాభైకి ఆరేళ్లు, అరవైకి మానినా మూడేళ్ల ఆయుష్షు దక్కుతుంది. మరి మా తాత చుట్ట తాగుతూనే తొంభై ఏళ్లు బతికాడంటారా? మానకుండా తాగేవాళ్లలో సుమారు సగం మంది ఆ పొగవల్లే పోతారు. మిగతా సగంలో తామున్నామో లేదో ముందుగా ఎవరికీ తెలియదు.

ఏ సాయమూ లేకుండా మానేవాళ్లు లేకపోలేదు గానీ, నూటికి ముగ్గురో అయిదుగురో మాత్రమే ఏడాదిపాటు నిలబడతారు. అందుకే నికోటిన్ గమ్, మాత్రలు, కౌన్సెలింగ్. గమ్‌లోనూ నికోటినే కదా అన్న సందేహం సహజమే. బానిసను చేసేది నికోటిన్, చంపేది ప్రధానంగా పొగ. గమ్‌తో నికోటిన్‌ను కొద్దికొద్దిగా ఇచ్చి, తర్వాత దాన్నీ మానిపిస్తారు. వాడే పద్ధతి తెలియకే చాలామంది పనిచెయ్యలేదంటారు. మెల్లగా నమలాలి, ఘాటు తగలగానే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలి మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగాకే వాడాలి.

ఒకసారి మాని మళ్లీ మొదలుపెట్టినవాళ్లు సిగ్గుపడి ఆ గదికి దూరంగా ఉండిపోకూడదు. బీపీ మళ్లీ పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఎవరూ సిగ్గుపడరు, దీనికీ అవసరం లేదు. 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్ పెట్టెల మీద అచ్చవుతున్న 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.