పాత గాడి చిత్రికకు సరిపడే ఉలి

19వ శతాబ్దపు ఇంగ్లండులో ప్లౌ ప్లేన్ అనే చెక్క గాడి చిత్రికకు సాధారణంగా ఎనిమిది ఉలుల సెట్టు ఉండేది: అంగుళంలో 1/8 నుంచి 9/16 వరకు, 1/16 చొప్పున పెరుగుతూ. ఇప్పుడా సెట్లు చెదిరిపోయాయి, విడి ఉలులు వెతుక్కోవాలి. వెడల్పొక్కటే చూసి కొంటే మోసపోతారు.

అసలు కీలకం ఉలి వీపున ఉన్న వి-ఆకారపు గాడి. చిత్రిక అడుగున ఉన్న ఇనుప పట్టీ అంచు మీద అది కూర్చోవాలి. కూర్చోకపోతే ఉలి పక్కకు జారుతుంది. మందం కూడా ముఖ్యమే. ఉలి పదునువైపు దళసరిగా ఉంటుంది కాబట్టి, కోత ఒత్తిడికి వెనక్కి జరిగేకొద్దీ దాన్ని పట్టి ఉంచే చెక్క చీల కింద మరింత బిగుసుకుంటుంది. చీల పట్టకపోతే కొత్త చీల చెక్కుకోవడమే మేలు. దానికోసం ఉలిలోని మంచి పాత ఉక్కును అరగదీయడం అన్యాయం.

షెఫీల్డ్ ఉలులు ఎందరో చిత్రిక తయారీదారులకు చేరేవి. అందుకే వేరే ముద్ర ఉన్న ఉలి సైతం ఒక్కోసారి చక్కగా అమరుతుంది. రికార్డ్ 044 వంటి లోహపు చిత్రికల పలుచని, చదునైన ఉలులు మాత్రం వీటికి పనికిరావు.