పులికాటులో తొలి ప్రయాణం

పిల్లలూ, పులికాటు సరస్సు చూశారా? మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. వేసవిలో ఉత్తరాన చాలా భాగం ఎండి బీటలు వారుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాల వానలు పడి, సరస్సు నిండగానే తెరచాపలు లేస్తాయి.

అటువంటి రోజున భీమునివారిపాలెంలో ఒక చిన్న చెక్కపడవ ఎక్కాను. ఇరకం దీవి చూడాలని నా తొందర.

"ఇవాళ దీవికి కాదు, మేష్టారూ! వేసవంతా ఒడ్డున ఎండిన పడవ. ముందు దీన్ని పరీక్షించాలి," అన్నాడు పడవవాడు.

తెరచాప గాలికి ఉబ్బింది. కొంచెం దూరం పోయామో లేదో, నా పాదాలు తడిశాయి. పలకల సందుల్లోంచి నీరు! నా గుండె ఝల్లుమన్నది. అతను నా చేతికొక రేకుడబ్బా ఇచ్చి, "నీళ్ళు తోడండి," అంటూ చుక్కాని తిప్పి, ఒడ్డు చేర్చాడు.

ఎండకు చెక్క ముడుచుకుంటుంది కనక అతుకులు విడతాయి. నీరు పీల్చి చెక్క ఉబ్బితే ఆ సందులు మూసుకుంటాయి. అందుకని పడవను రెండు రోజులు నీటిలోనే ఉంచాడు. మూడోనాడు ఇరకం చేరేదాకా నా కాళ్ళు తడవలేదు.

ఎన్నో ఏళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టాను. కాని పరీక్ష దేనికో ఆ పడవవాడే నాకు నేర్పాడు: లోపమేదైనా ఉంటే ఒడ్డు దగ్గరే బయటపడాలి!