పెంటయ్య, తవిటయ్య, గెలెర్ట్

2024 ఫిబ్రవరిలో మా రాణి ఆరు పిల్లల్ని పెట్టింది. రాణి అంటే మా కుక్క. మేం ఉండేది ఐర్లండ్‌లో, కార్క్ నగరం అంచున. మర్నాడే మా పదేళ్ళ అమ్మాయి షరతు పెట్టేసింది: అన్నిటికీ కెల్టిక్ పేర్లే పెట్టాలి, టామీ, జిమ్మీ కుదరవు. ఇక్కడి బళ్ళలో ఐరిష్ భాష నేర్పుతారు, దాంతోపాటు పాత వీరగాథలూ చెబుతారు. దాని దగ్గర పేర్లకి కొదవలేదు.

నాకేం అభ్యంతరం? నక్షత్రం చూసి పేరు పెట్టడాన్ని ఇన్నేళ్ళుగా ఎగతాళి చేస్తున్నవాణ్ణి. నచ్చిన పేరు పెట్టుకోవడమే కదా మనం చెప్పేది.

మొదటి ఐదూ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. అన్నిటికన్నా లావుపాటిది ఫిన్. ఐరిష్ కథల్లో అతనో పెద్ద వేటగాడు, వీరుడు. అతని వేటకుక్కలు రెండు, బ్రాన్, స్కోలన్. అవి మరో రెండిటికి. అతని కొడుకు ఓషీన్, ఆ కొడుకుని గుర్రం మీద యవ్వన లోకానికి తీసుకుపోయిన అమ్మాయి నీవ్. ఓషీన్ అక్కడ మూడేళ్ళు ఉన్నాననుకుని తిరిగొస్తే ఇక్కడ మూడొందల ఏళ్ళు గడిచిపోయాయట. మన భాగవతంలో రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్ళొచ్చిన రాజు కథ గుర్తొచ్చింది నాకు. నీవ్ అని పిలిచినప్పుడల్లా "నీవు" అన్నట్టు వినిపించి మా ఆవిడ నవ్వేది. బ్రాన్ అంటే ఐరిష్‌లో బొంతకాకి. ఇంగ్లీషులో అయితే తవుడు. ఆ తవుడు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆఫీసులో ఈ ముచ్చట చెబితే ఒకాయన, "పుట్టిన తేదీని బట్టి కెల్టిక్ చెట్టు రాశి ఉంటుంది. ఫిబ్రవరి మొదట్లో పుడితే రోవన్ చెట్టు. దాని ప్రకారం పెట్టు" అన్నాడు. ప్రాచీన డ్రూయిడ్ పూజారుల జ్యోతిషమట. ఇంటికొచ్చి చూస్తే, ఈ పదమూడు చెట్ల పంచాంగం రాబర్ట్ గ్రేవ్స్ అనే ఇంగ్లీషు కవి 1948లో అచ్చయిన తన పుస్తకంలో అల్లినది. దాని మీద తర్వాతివాళ్ళు రాశులూ ఫలితాలూ కట్టారు. 1897లో ఫ్రాన్సులో కోలిన్యీ అనే చోట పాతకాలపు కెల్టిక్ పంచాంగం, కంచు పలక మీద చెక్కింది, ముక్కలుగా నిజంగానే దొరికింది. అందులో చాంద్రమాసాలున్నాయి గానీ చెట్ల రాశులు లేవు. ఇదంతా మర్నాడు చెప్పి, గెలిచినవాడిలా నవ్వాను. ఇతరుల నమ్మకాన్ని చూసి నవ్వడం ఎంత సులువో!

ఇక ఆరోది. మిగతావి పుట్టినప్పుడు మూడొందల గ్రాములు తూగితే ఇది నూట తొంభై. తల్లి దగ్గర చోటు దక్కించుకోలేక పక్కకి దొర్లిపోయేది. దానికి పేరు పెట్టకుండా మూడు రోజులు నాన్చాం. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

నాలుగో రోజు పక్కింటి పెద్దావిడ చూడ్డానికొచ్చింది. ఆవిడది వేల్స్. చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని, "దీన్ని గెలెర్ట్ అని పిలవండి" అంది. అమ్మాయి కథ చెప్పమంది. పదమూడో శతాబ్దపు రాజు లెవెలిన్ వేట నుంచి తిరిగొచ్చేసరికి ఉయ్యాల తలకిందులై ఉంది, పసివాడు కనబడలేదు, కుక్క గెలెర్ట్ మూతినిండా రక్తం. కత్తితో పొడిచేశాడు. అప్పుడు ఉయ్యాల కింద పిల్లాడి ఏడుపు వినిపించింది. పక్కనే తోడేలు చచ్చి పడి ఉంది.

మీరిప్పటికే పోల్చుకుని ఉంటారు. మన పంచతంత్రంలో ముంగిస కథే ఇది. తోడేలు బదులు పాము, రాజు బదులు బ్రాహ్మణుడి భార్య. కథ ఉన్న ఐదో తంత్రం పేరే అపరీక్షితకారకం, అంటే పరీక్షించకుండా చేసిన పని. పర్షియన్, అరబీ, లాటిన్ భాషలు దాటుకుంటూ పడమటికి పోయేటప్పుడు ముంగిస కాస్తా కుక్క అయింది. వేల్స్‌లో గెలెర్ట్ సమాధి అంటూ ఒక ఊళ్ళో రాయి కూడా ఉంది. దాన్ని నిలబెట్టింది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ ఊరికొచ్చిన సత్రం యజమాని అని, యాత్రికుల కోసమేనని చరిత్రకారులు చెబుతారు. ఆ మాట పెద్దావిడే నవ్వుతూ చెప్పింది. ఆవిడకి తెలుసు. అయినా ఆ కథంటే ఇష్టం.

ఇంత తెలిసీ నా నోట్లోంచి వచ్చిన మాట: "ఆ పేరు వద్దు."

"ఎందుకు నాన్నా?" అంది అమ్మాయి.

ఎందుకు? అన్యాయంగా చచ్చిపోయిన కుక్క పేరు, అసలే బతుకుతుందో లేదో తెలియని పిల్లకా అని. ఇరవై ఏళ్ళుగా హేతువాద సంఘంలో ఉన్నాను. "ఎందుకు?" అనే ప్రశ్న వేదికలెక్కి నేనే జనాన్ని అడిగాను. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ నా పేరు సంగతి చెప్పాలి. నా పేరు పెంటయ్య. ఐర్లండ్‌లో చేరిన కొత్తలో ఆఫీసువాళ్ళు "పెంటా అంటే గ్రీకులో ఐదు కదా, అయిదో సంతానమా?" అని అడిగారు. అవునన్నాను. పదిహేనేళ్ళుగా అదే అబద్ధం. మా అమ్మాయికి కూడా అసలు అర్థం చెప్పలేదు.

నల్లగొండ జిల్లాలో మా ఊరు. నాకు ముందు ఇద్దరన్నలు పుట్టి వారం తిరక్కుండా పోయారు. 1984లో నేను పుట్టగానే నాయనమ్మ నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టిందట. పొరుగామె ఎత్తుకుని, "ఇది నాకు దొరికింది" అంటే, చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నారు. పనికిరాని సరుకని మృత్యువుని మభ్యపెట్టడమన్నమాట. మనవైపు పెంటయ్యలూ, పుల్లయ్యలూ, తవిటయ్యలూ ఇలా వచ్చినవాళ్ళే. మా బ్రాన్‌ని తెలుగులో పిలవాలంటే తవిటయ్యే!

ఐర్లండ్ పశ్చిమ తీరంలో కూడా ఇలాంటిదే ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఫొటోల్లో అక్కడి మగపిల్లలు పరికిణీల్లో కనిపిస్తారు. మగపిల్లల్ని ఎత్తుకుపోయే అదృశ్య జాతిని ఏమార్చడానికని చెప్పుకునేవారు. పిల్లలు చచ్చిపోయే చోటల్లా ఇలాంటి ఉపాయాలే పుట్టాయి. మా నాయనమ్మని తెలివితక్కువది అనలేను. ఇద్దరు మనవల్ని పాతిపెట్టిన మనిషి, చేతిలో ఉన్నది చేసింది.

ఆ రాత్రి అమ్మాయికి ఇదంతా చెప్పాను. విని, "అయితే గెలెర్టే పెడదాం నాన్నా. పేరు ఏమీ చెయ్యదని చూద్దాం" అంది. పెట్టాం.

ఊరికి ఫోన్ చేస్తే మా అమ్మ మండిపడింది. "సచ్చిన కుక్క పేరు పెడ్తరా బిడ్డా? దానికి ఆయుష్షు ఉంటదా?"

తర్వాత పది రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. పిల్ల ఒళ్ళు చల్లబడితే పాలు పట్టొద్దు, అరగవు, ముందు వెచ్చబరచండి అని పశువుల డాక్టరు చెప్పింది. తువ్వాలు చుట్టిన వేణ్ణీళ్ళ సీసా పక్కన పెట్టి, రెండు గంటలకోసారి కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టాం. వంటింటి త్రాసులో రోజూ తూచి అమ్మాయి నోట్‌బుక్కులో రాసేది. 190, 184, 186, 197. ఆ 184 రాసిన రోజు నేను వంటింట్లో ఒంటరిగా నిలబడి, వేరే పేరు పెట్టి ఉంటేనో అనుకున్నాను. దాచను. ఒక క్షణమే అయినా అనుకున్నాను.

గెలెర్ట్ బతికింది. పద్నాలుగో రోజు కళ్ళు తెరిచింది. అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఏమందో తెలుసా? "చూసినవా, చెడ్డ పేరు పెట్టినవు గన్క దిష్టి తాకలే. నీకు పెట్టినట్టే!"

చస్తే పేరు వల్ల చచ్చేది, బతికితే పేరు వల్ల బతికింది. ఏం జరిగినా ఓడిపోని నమ్మకంతో వాదించి గెలవలేం. అందుకని వాదించకుండా ఒకటే అడిగాను: "అన్నలు పోయినప్పుడు ఎట్లుండిరి అమ్మా?" చాలాసేపు మాట్లాడలేదు. దవడలు బిగుసుకుపోయి పాలు తాగలేదట, ఒళ్ళు విల్లులా వంగిపోయిందట. బొడ్డు కోసింది కొడవలితో. అది ధనుర్వాతం. నేను కడుపులో ఉండగా నర్సమ్మ ఇంటికొచ్చి అమ్మకి రెండు సూదులు వేసింది. కాన్పప్పుడు మరిగించిన బ్లేడు వాడారు. ఈ వివరం ఇన్నేళ్ళూ నేను అడగలేదు, అమ్మ చెప్పలేదు. పెంటకుప్ప కథ మాత్రం వందసార్లు విన్నాను.

నా ఒక్కడి బతుకు చూపించి సూదే కాపాడిందని తేల్చడం కూడా న్యాయం కాదు. ఒక్క ఉదాహరణ ఏదీ రుజువు చెయ్యదు. కానీ సూదులు, శుభ్రమైన కాన్పులు దేశమంతా పెరిగాక ఏమైందో లెక్కలున్నాయి. మన దేశంలో ప్రతి జిల్లాలోనూ ఈ జబ్బు వెయ్యి మంది శిశువులకి ఒక్క కేసు కంటే తక్కువకి దిగిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఆ పిల్లలందరికీ పెంటయ్య అని పేరు పెట్టలేదు కదా.

ఇక్కడి చట్టం ప్రకారం పన్నెండు వారాల లోపు ప్రతి కుక్కపిల్లకీ చర్మం కింద చిప్పు పెట్టించాలి. అందులో ఉండేది పదిహేను అంకెలు, పేరు కాదు. ఐదింటిని తెలిసినవాళ్ళకి ఇచ్చేశాం. గెలెర్ట్ మాతోనే ఉంది. మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ దిగుతుంది, చెప్పులు కొరుకుతుంది.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా పేరుకి అర్థం అడిగింది. ఐదు అని చెప్పలేదు. పెంటకుప్ప, చేట, తవుడు, ఇద్దరన్నలు, రెండు సూదులు, అన్నీ చెప్పాను. టీ చల్లారిపోయింది.