మెతుకుసీమలో చూపరులు

1830–31 సంవత్సరాలలో మద్రాసు నుండి కాశికి యాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య, తాను మజిలీ చేసిన ఊళ్లలో మంచినీటి వసతి ఉందా, సామాను దొరికే అంగళ్లు ఉన్నాయా, బసకు చోటు ఉందా అని విచారించి ‘కాశీయాత్ర చరిత్ర’లో నమోదు చేశాడు. ఆనాటి యాత్రికునికి ఊరంటే మొదట అన్నం, నీళ్లు. నేడు హైదరాబాదు నుండి సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించి మెదక్ చేరే యాత్రికునికి ఆ చింత లేదు. అతనికి కావలసింది దృశ్యం. తన పేరులోనే మెతుకును నిలుపుకొన్న పట్టణానికి ఈ మార్పు కలగడం ఆలోచింపదగినది.

కాకతీయుల కాలం నాటి కోటను మెతుకు దుర్గమనీ, ఈ ప్రాంతాన్ని మెతుకుసీమ అనీ వ్యవహరించారు. నడుమ కొంతకాలం గుల్షనాబాద్ అన్న పేరు కూడా నడిచింది కానీ జనం నాలుకపై నిలిచింది మెతుకే. అయితే ఊరి పేరు వినగానే నేటివారి మనసులో మెదిలేది కోట కాదు, చర్చి.

వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన ఆ నిర్మాణం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠితమైంది. సుమారు 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గంటగోపురం గల కట్టడమది. కరువు రోజులలో ఆకలితో వచ్చినవారికి ఊరక తిండి పెట్టడం కంటే పని కల్పించి తిండి పెట్టడం మేలని పాస్నెట్ భావించాడు. రాయి మోసినవారికి పూట గడిచింది. ఆ విధంగా ఈ మందిరం గోథిక్ శైలికి ఎంత ఋణపడిందో, మెతుకుకూ అంతే ఋణపడింది.

చూపరుల చెవిన పడేది ఈ కథ కాదు. వాటికన్ తరువాత ఇంతటి చర్చి మరొకటి లేదన్న మాట ఆవరణలోనూ ప్రచార పత్రాలలోనూ ఎన్నో ఏళ్లుగా వినిపిస్తున్నది. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా పొడవు 600 అడుగులకు పైబడినది. ఆ రెండింటి నడుమ ఇమిడే చర్చిలు ప్రపంచంలో అనేకం. పైగా మెదక్ చర్చి కేథలిక్ సంప్రదాయానికి చెందినదే కాదు. అది 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో మెదక్ అధ్యక్ష మండలానికి పీఠం. ఈ పోలిక ఎవరిని గౌరవించడానికి పుట్టిందో తెలియదు కానీ, దాని వల్ల రాళ్లెత్తిన కూలీలు మాత్రం కథలో నుండి తప్పుకొన్నారు. పర్యాటకం కోరేది కొలత. ఆకలికి కొలత చెప్పడం కష్టం.

ఇక ఆరాధకుల సంగతి. ఆదివారం ప్రార్థనకు వచ్చే కుటుంబాలకు అది పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, చావులు ముడిపడిన స్థలం. అదే వేళకు మెట్ల మీద ఫొటోలకు వరుస కట్టినవారికి అది నేపథ్యం. తాము మోకరిల్లినప్పుడు తమను చూసేవారు కొందరున్నారన్న ఎరుక భక్తునికి కలిగిన తరువాత ప్రార్థన మునుపటి వలె ఉంటుందా? 2006లో రైలు చేరిన టిబెట్ రాజధాని లాసాలోనూ ఇదే ప్రశ్న. జోఖాంగ్ ఆలయం చుట్టూ ఉన్న బార్ఖోర్ వీధిలో సాష్టాంగపడుతూ ప్రదక్షిణ చేసేవారు కెమెరాల నడుమ దారి వెతుక్కోవలసి వస్తున్నది.

అయితే మెదక్‌ను లాసాతో పూర్తిగా పోల్చడం న్యాయం కాదు. ఇక్కడ చూడవచ్చినవారికీ మొక్కవచ్చినవారికీ మధ్య గీత స్పష్టంగా లేదు. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వెలసిన ఏడుపాయల వనదుర్గను దర్శించుకొన్నవారే తిరుగు దారిలో చర్చికి వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తారు, కోరిక కోరుకుంటారు. క్రిస్మస్ నాడు అన్ని మతాలవారూ కనిపిస్తారు. వీరిని పర్యాటకులన్న ఒక్క మాటతో తోసివేయడం పండిత దృష్టి లోపమే అవుతుంది. 2016లో పట్టణం జిల్లా కేంద్రమైంది, 2022లో రైలూ వచ్చింది. జనం రాక వల్ల ఆటో నడిపేవారికీ కొవ్వొత్తులు అమ్మేవారికీ పూట గడుస్తున్నది. మెతుకు పుట్టించే పని చర్చి నేటికీ మానలేదు, రాయి మోయించడం మాత్రం మానింది.

లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ ఘట్టం 1958లో అమరాయి. వాటి రంగులు వెలుపలి ఎండ మీద ఆధారపడినవి. పొద్దు వాలిన తరువాత లోపలి నుండి చూస్తే అవి నల్లని పలకలు. వాటి ముందు తీరికగా కూర్చున్నవానికి వెలుగు కదలడం తెలుస్తుంది. అరగంటలో ఏడుపాయలకు బయలుదేరవలసినవానికి ఆ అవకాశం లేదు.

కోట గుట్టపై నుండి చూస్తే ఊరి ఇళ్లన్నిటినీ మించి గంటగోపురం కనిపిస్తుంది. ఎక్కి వచ్చిన కొద్దిమందీ సాధారణంగా ఫోను పైకెత్తేది అటువైపే. వారి వెనుక, కుతుబ్‌షాహీల నాటి మసీదుతో పాటు ధాన్యం నిలువచేసిన కొట్లు ఉన్నాయి. అవి ఏమిటని అడిగేవారు అరుదు.